శుద్ధ వర్ధన పద్ధతి: ఒక విమర్శనాత్మక పరిశీలన

7.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఘన యానకం మీద బాక్టీరియాలను పెంచే పద్ధతి ఏ అవసరం నుంచి పుట్టిందో వివరించగలుగుతారు.
• ‘ఒక కాలనీ అంటే ఒక కణపు సంతానం’ అనే ప్రతిపాదన ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ నిలవదో చెప్పగలుగుతారు.
• కాలనీ లక్షణాల ఆధారంగా బాక్టీరియాను గుర్తించడంలోని పరిమితులను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• ‘పెరుగుదల లేదు’ అనే ఫలితాన్ని సరిగా అర్థం చేసుకొని, సరిగా నమోదు చేయగలుగుతారు.

7.1 పరిచయం

ఇంతకుముందు భాగాల్లో యానకాల తయారీ, వాటిని సూక్ష్మజీవరహితం చేయడం, గీతల పద్ధతి, పోత పద్ధతి గురించి చదివారు. అవన్నీ ఒక పనిని ఎలా చేయాలో చెప్పే పాఠాలు. ఈ భాగంలో మనం చేయబోయేది వేరు. అదే పద్ధతిని ఎదురుగా పెట్టుకొని, అది ఏం ఇస్తానంటుంది, నిజంగా ఏం ఇస్తుంది అని తూకం వేస్తాం. సాహిత్య విద్యార్థి ఒక కావ్యాన్ని విమర్శించినట్లే విజ్ఞాన శాస్త్ర విద్యార్థి ఒక పద్ధతిని విమర్శించగలగాలి. విమర్శ అంటే తప్పులు పట్టడం మాత్రమే కాదు. గుణమెంతో, దోషమెంతో, ఏది ఎక్కడ వర్తిస్తుందో తేల్చడం.

పెట్రి పలక మనకు మూడు వాగ్దానాలు చేస్తుంది. కలగాపులగంగా ఉన్న బాక్టీరియాలను వేరు చేస్తానంటుంది. వేరైన వాటిని గుర్తుపట్టిస్తానంటుంది. నమూనాలో అవి ఎన్ని ఉన్నాయో లెక్క చెబుతానంటుంది. ఈ మూడింటినీ మన ప్రయోగ పుస్తకాలు ఒకే స్థాయి నమ్మకంతో రాస్తాయి. కానీ మొదటి వాగ్దానాన్ని పలక చాలావరకు నిలబెట్టుకుంటుంది, రెండోదాన్ని సగమే నిలబెట్టుకుంటుంది, మూడోదానిలో ఎక్కువగా తప్పుతుంది. ఈ తేడా తెలియకపోతే ప్రయోగం ఎంత శుభ్రంగా చేసినా దాని నుంచి తప్పు నిర్ధారణకు వచ్చే ప్రమాదం ఉంది. ఆస్పత్రి ప్రయోగశాలలో ఆ తప్పు ఒక రోగి చికిత్సనే మార్చివేయవచ్చు.

7.2 కోచ్‌కు ముందున్న చిక్కు

మన ఇళ్ళలో పాలు తోడు పెడతారు. నిన్నటి పెరుగులోని చెంచాడు నేటి పాలలో కలుపుతారు. తరతరాలుగా సాగుతున్న వర్ధనం అది. అయితే ఆ చెంచాడులో ఉన్నది ఒకే రకం బాక్టీరియా కాదు. ఆమ్లాన్ని తయారుచేసే రకాలు అనేకం కలిసి ఉంటాయి. ఇడ్లీ పిండి పులియడంలోనూ అంతే. ప్రకృతిలో బాక్టీరియాలు సాధారణంగా గుంపులుగా, ఒకదాని విసర్జన మరొకదానికి ఆహారంగా బతుకుతాయి. ఒంటరితనం వాటికి సహజ స్థితి కాదు. శుద్ధ వర్ధనం మనం ప్రయోగశాలలో కల్పించే కృత్రిమ స్థితి అన్న సంగతిని ముందుగా గుర్తుంచుకోండి.

మరి ఆ కృత్రిమ స్థితి ఎందుకు అవసరమైంది? ఒక గొట్టంలోని ద్రవ యానకంలో అయిదు రకాల బాక్టీరియాలు ఉంటే, వాటిలో వ్యాధిని కలిగించేది ఏదో, పాలను పులియబెట్టేది ఏదో చెప్పడం సాధ్యం కాదు. 1870లలో ఈ చిక్కును విప్పడానికి జోసెఫ్ లిస్టర్ ఎంచుకున్న మార్గం పలచన చేయడం. పులిసిన పాలలో బాక్టీరియాలు ఎన్ని ఉన్నాయో సూక్ష్మదర్శినితో అంచనా వేసి, ఒక్కో చుక్కలో సగటున ఒకటి కంటే తక్కువ కణం ఉండేంతగా పలచన చేశాడు. ఆ చుక్కలను మరిగించిన పాలున్న వేర్వేరు గొట్టాలలో వేశాడు. కొన్ని గొట్టాలలో పాలు పులిశాయి, కొన్నింటిలో పులియలేదు. పులిసిన గొట్టంలో పడింది ఒకే కణం అయి ఉండాలని ఆయన తర్కం.

తర్కం గట్టిదే. కానీ ఈ పద్ధతిలో ఒక లోపముంది. నమూనాలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న బాక్టీరియా మాత్రమే చివరి పలచన దాకా మిగులుతుంది. లక్ష కణాల మధ్య పది కణాలుగా ఉన్న వ్యాధికారకం మధ్యలోనే జారిపోతుంది. వ్యాధుల పరిశోధనకు ఇది పనికిరాని పరిస్థితి.

రెండో మార్గం వంటింటి నుంచి వచ్చింది. 1819లో ఇటలీలోని పాడువా ప్రాంతంలో మొక్కజొన్న పిండితో చేసిన వంటకం మీద రక్తం లాంటి ఎర్రని మచ్చలు కనిపించి జనాన్ని భయపెట్టాయి. బార్టొలోమియో బిజియో వాటిని పరిశీలించి, కారణం ఒక సూక్ష్మజీవి అని చెప్పి, దానికి సెరేషియా అని పేరు పెట్టాడు. 1870ల తొలినాళ్ళలో జోసెఫ్ ష్రోటర్ ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద రంగురంగుల మచ్చలు విడివిడిగా పెరగడం గమనించాడు. ఘనమైన ఉపరితలం మీద పడిన బాక్టీరియా ఎక్కడికీ ఈదుకుంటూ పోలేదు. పడిన చోటే విభజన చెంది, గుట్టగా పెరుగుతుంది. ఆ గుట్టనే కాలనీ లేదా సహనివేశం అంటాం.

7.3 ఘన యానకం రూపుదిద్దుకున్న తీరు

రాబర్ట్ కోచ్ గొప్పతనం ఇక్కడే ఉంది. బంగాళాదుంప మీద అనేక బాక్టీరియాలు పెరగవు, పైగా అది పారదర్శకం కాదు. ఏ ద్రవ యానకంలో ఒక బాక్టీరియా బాగా పెరుగుతుందో ఆ ద్రవాన్నే గట్టిపరిస్తే చాలునని కోచ్ గ్రహించాడు. అందుకు జెలటిన్ కలిపాడు. యానకం ఎంపిక వేరు, దాన్ని గట్టిపరిచే పదార్థం వేరు అని ఈ రెండింటినీ విడదీయడమే 1881లో ఆయన ప్రచురించిన పత్రంలోని అసలు ఆలోచన. నేటికీ మనం రక్తపు అగార్, మాకాంకీ అగార్, పోషక అగార్ అంటూ ఒకే గట్టి పదార్థంతో వందలాది యానకాలు చేసుకోగలుగుతున్నామంటే ఆ విభజన వల్లనే. అదే ఏడాది ఆగస్టులో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభ సందర్భంగా ఆయన ఈ పద్ధతిని లిస్టర్, పాశ్చర్‌ల ఎదుట ప్రదర్శించాడు.

జెలటిన్‌కు రెండు దోషాలున్నాయి. మనిషి శరీర ఉష్ణోగ్రత అయిన 37 డిగ్రీల సెల్సియస్ వద్ద అది కరిగిపోతుంది. కొన్ని బాక్టీరియాలు దాన్ని జీర్ణించుకొని ద్రవంగా మార్చివేస్తాయి. రెండింటికీ పరిష్కారం చూపింది ఫానీ హెస్సె. కోచ్ వద్ద పనిచేస్తున్న వాల్టర్ హెస్సెకు ఆమె భార్య. ఆయన ప్రయోగాలకు సహాయకురాలు, చిత్రకారిణి కూడా. వేసవిలోనూ కరగని జెల్లీలు చేయడానికి సముద్రపు నాచు నుంచి తీసే అగార్‌ను ఆమె వంటలో వాడేది. జావాలో కొంతకాలం ఉండి వచ్చిన పరిచయస్తుల ద్వారా ఆమెకు ఈ సంగతి తెలిసింది. అగార్ దాదాపు మరిగే వేడి వద్ద కరుగుతుంది, సుమారు 40 డిగ్రీలకు చల్లబడ్డాకగానీ గడ్డకట్టదు. దాన్ని జీర్ణించుకోగల బాక్టీరియాలు అరుదు. 1882 నాటి తన క్షయ పత్రంలో కోచ్ అగార్‌ను ప్రస్తావించాడు, అది ఎవరి సూచనో చెప్పలేదు. పద్ధతిని విమర్శించేటప్పుడు ఈ ఖాళీని కూడా నమోదు చేయాలి.

1887లో కోచ్ సహాయకుడు రిచర్డ్ జూలియస్ పెట్రి ఒక చిన్న వ్యాసం రాశాడు. అప్పటిదాకా యానకాన్ని గాజు పలకల మీద పోసి, గాలిలోని సూక్ష్మజీవులు పడకుండా గంట ఆకారపు గాజు మూత కింద ఉంచేవారు. పెట్రి ఒకదాని మీద ఒకటి మూతగా అమరే రెండు లోతు తక్కువ గాజు పళ్ళేలను వాడమన్నాడు. ఆ వ్యాసంలో కొత్త సిద్ధాంతం ఏదీ లేదు. తాను చెప్పేది ఒక చిన్న మార్పు మాత్రమేనని శీర్షికలోనే రాసుకున్నాడు. ఆ చిన్న మార్పు కలుషితాలను తగ్గించి, కాలనీలను మూత తీయకుండానే చూసే వీలు కల్పించింది.

7.4 మొదటి వాగ్దానం: వేరు చేయడం

లూప్‌తో కొద్దిగా నమూనా తీసుకొని పలక ఒక మూల గీతలు గీస్తాం. లూప్‌ను మంటలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, మొదటి గీతల చివర నుంచి రెండో వరుస గీస్తాం. ఇలా మూడు నాలుగు వరుసలు పూర్తయ్యేసరికి లూప్ మీద మిగిలే కణాలు చాలా తక్కువవుతాయి. చివరి గీతల మీద అవి దూరం దూరంగా పడతాయి. ఒకే పలక మీద, ఒకే నిమిషంలో జరిగే పలచన ఇది. లిస్టర్ పద్ధతికీ దీనికీ అసలు తేడా ఏమిటంటే, ఇక్కడ తక్కువ సంఖ్యలో ఉన్న బాక్టీరియా కూడా తనకంటూ ఒక చోటు దక్కించుకునే అవకాశం ఉంది. ఎరుపు, పసుపు, తెలుపు మచ్చల మధ్య మనం వెదుకుతున్న ఒక్క మచ్చను కంటితో ఎంచి తీసుకోవచ్చు.

అయితే ‘కాలనీ ఒక్క కణం నుంచే వచ్చింది’ అనేది మనం కళ్ళారా చూసిన సంగతి కాదు. గీతలు గీసిన మరుసటి రోజు గుట్టను చూసి, వెనక్కి ఊహించుకున్న సంగతి. ఆ ఊహ తప్పే సందర్భాలు కనీసం మూడున్నాయి.

ఒకటి: స్టాఫిలోకాకస్ కణాలు ద్రాక్షగుత్తిలా, స్ట్రెప్టోకాకస్ కణాలు గొలుసులా అతుక్కొని ఉంటాయి. వాటి కాలనీ గుత్తి నుంచి పుడుతుంది, ఒక్క కణం నుంచి కాదు. రెండు: రెండు భిన్న జాతుల కణాలు పక్కపక్కనే పడితే వాటి కాలనీలు కలిసి ఒకటిగా కనిపించవచ్చు. ప్రోటియస్ వంటి బాక్టీరియా పలకంతా పలచని పొరలా పాకి, ఇతర కాలనీలను కప్పేస్తుంది. మూడు: ఇది విద్యార్థులు తరచు మరచిపోయేది. మాకాంకీ అగార్‌లోని పిత్త లవణాలు, క్రిస్టల్ వయొలెట్ గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాల పెరుగుదలను ఆపుతాయి. ఆపడం వేరు, చంపడం వేరు. గులాబీ రంగు కాలనీ అడుగున, చుట్టూ పెరగకుండా సజీవంగా మిగిలిన ఇతర కణాలు ఉండవచ్చు. ఆ కాలనీని ముట్టుకున్న లూప్ వాటిని కూడా మోసుకుపోతుంది. పోషక యానకంలో వేయగానే అవి లేచి కూర్చుంటాయి.

అందుకే వరణాత్మక యానకం మీద దొరికిన కాలనీని సాధారణ యానకం మీద కనీసం మరొకసారి గీతలు గీసి, వచ్చిన కాలనీలన్నీ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూసి, గ్రామ్ వర్ణకంతో పరీక్షించిన తరువాతే శుద్ధ వర్ధనం అనాలి. ఈ జాగ్రత్తలు పాటిస్తే మొదటి వాగ్దానం నిలుస్తుంది. నూట నలభై ఏళ్ళు దాటినా గీతల పద్ధతి ఇంకా ప్రతి ప్రయోగశాలలో వాడుకలో ఉందంటే కారణం అదే.

7.5 రెండో వాగ్దానం: గుర్తించడం

కాలనీ పరిమాణం, ఆకారం, అంచు, ఎత్తు, రంగు, పారదర్శకత. ప్రయోగ పుస్తకాలలో ఈ లక్షణాల పట్టిక తప్పక ఉంటుంది. పట్టిక ఉపయోగకరమే. కానీ ఆ లక్షణాలు బాక్టీరియాకు మాత్రమే చెందినవని అనుకోవడం పొరపాటు. అవి బాక్టీరియా, యానకం, ఉష్ణోగ్రత, కాలం నాలుగూ కలిసి ఇచ్చే ఫలితాలు.

పైన చెప్పిన సెరేషియానే తీసుకోండి. 25 నుంచి 30 డిగ్రీల మధ్య పెంచితే దాని కాలనీలు ఎర్రగా ఉంటాయి. అదే బాక్టీరియాను 37 డిగ్రీల వద్ద పెంచితే రంగు ఏర్పడక తెల్లగా ఉంటాయి. రంగును మాత్రమే నమ్మిన విద్యార్థి ఒకే జీవిని రెండు జీవులుగా నమోదు చేస్తాడు. కోచ్ 1883 చివర కలకత్తా చేరి, 1884లో కలరా బాక్టీరియాను శుద్ధంగా వేరుచేసినప్పుడు, జెలటిన్‌ను అది ప్రత్యేకమైన తీరులో కరిగించడం గుర్తింపు లక్షణాలలో ఒకటిగా ఉపయోగపడింది. గట్టిపరిచే పదార్థంగా జెలటిన్‌కు దోషమైనదే గుర్తింపుకు సాధనమైంది. యానకం మారితే ఆ లక్షణం కనిపించదు.

1884లో వచ్చిన గ్రామ్ వర్ణక పద్ధతి, తరువాత చక్కెరల కిణ్వనం, ఇండోల్, సిట్రేట్, కాటలేజ్ వంటి జీవరసాయన పరీక్షలు ఈ లోటును కొంత పూరించాయి. ఒక్క పరీక్ష చాలదు, పరీక్షల సమూహం కావాలి. అప్పుడు కూడా వచ్చే పేరు మన వర్గీకరణ అలవాట్ల మీద ఆధారపడుతుంది. షిగెల్లాను, ఎషరీషియా కోలైను వైద్యులు వేర్వేరు ప్రజాతులుగా చూస్తారు. ఒకటి రక్త విరేచనాలకు కారణం, రెండోది చాలావరకు మన పేగుల్లో మామూలు నివాసి. జన్యుక్రమాన్ని పోల్చి చూస్తే షిగెల్లా రకాలు ఎషరీషియా కోలై జాతి లోపలే వస్తాయి. వైద్య అవసరం కోసం పాత పేర్లనే కొనసాగిస్తున్నారు. కాబట్టి పలక మీద రంగులేని కాలనీ చూసి ‘ఇది షిగెల్లా’ అని రాయడం తొందరపాటు. ‘లాక్టోజ్‌ను కిణ్వనం చేయని గ్రామ్ నెగటివ్ దండం, తదుపరి పరీక్షలు అవసరం’ అని రాయడం సరైన పద్ధతి.

7.6 మూడో వాగ్దానం: లెక్కించడం

పోత పద్ధతిలో 30 నుంచి 300 మధ్య కాలనీలు వచ్చిన పలకనే లెక్కకు తీసుకోమని చెబుతాం. తక్కువైతే యాదృచ్ఛిక తేడా ఎక్కువ, మించితే కాలనీలు కలిసిపోతాయి. ఒక ఉదాహరణ చూద్దాం. నమూనాను పది లక్షల రెట్లు పలచన చేసి, అందులో 0.1 మిల్లీలీటరు పలక మీద వేస్తే 150 కాలనీలు వచ్చాయి. మిల్లీలీటరుకు 1,500 అవుతుంది. పది లక్షలతో గుణిస్తే మొదటి నమూనాలో మిల్లీలీటరుకు 150 కోట్లు.

150 కోట్ల ఏమిటి? ఇక్కడ చాలామంది ‘బాక్టీరియాలు’ అని రాస్తారు. రాయవలసింది ‘కాలనీ ఏర్పరచే ప్రమాణాలు’ అని. కణాలు సగటున నాలుగేసి అతుక్కొని ఉంటే అసలు కణాల సంఖ్య 600 కోట్లు. అంటే ఈ పదం కేవలం పరిభాష కోసం పెట్టినది కాదు. మనకు తెలిసింది ఎంతవరకో నిజాయితీగా చెప్పే పదం అది.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. సరస్సు నీటినో మట్టినో సూక్ష్మదర్శినిలో లెక్కిస్తే వచ్చే కణాల సంఖ్య, అదే నమూనా నుంచి పలక మీద వచ్చే కాలనీల సంఖ్య కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. 1985లో స్టేలీ, కొనొప్కా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని పలక లెక్కలోని మహా వ్యత్యాసంగా చర్చించారు. ‘ఒక శాతం బాక్టీరియాలే పెరుగుతాయి’ అనే వాక్యాన్ని మీరు అనేక పుస్తకాలలో చూస్తారు. ఆ అంకెను స్థిరాంకంలా కంఠస్థం చేయకండి. అది పరిసరాన్ని బట్టి, యానకాన్ని బట్టి, మనం ఓపిక పట్టే రోజులను బట్టి మారుతుంది. 2012లో ఫ్రాన్స్ పరిశోధకులు మనిషి పేగుల బాక్టీరియాలను 212 రకాల వర్ధన పరిస్థితులలో పెంచి చూసి, అంతకుముందు పెరగవనుకున్న అనేక జాతులను పెంచగలిగారు. ‘పెంచలేనివి’ అన్నవాటిలో చాలావరకు ‘ఇంకా పెంచనివి’.

పలక మీద కనిపించకపోవడానికి కారణాలను మూడుగా విభజించుకుంటే స్పష్టత వస్తుంది.

(అ) ఆహారం సరిపడకపోవడం. నేలలో అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే బాక్టీరియాలు జెలటిన్ పలకల మీద పెరగలేదు. మనం బలవర్ధకమనుకునే సేంద్రియ ఆహారం వాటికి అక్కరలేదు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఈ సంగతిని గ్రహించి పలక తర్కాన్నే తిరగేశాడు. జెలటిన్ మీద కాలనీ కనిపించని చోటు నుంచి పదార్థాన్ని తీసుకొని, సేంద్రియ పదార్థం లేని ద్రవంలో వేశాడు. తరువాత సిలికా జెల్‌తో గట్టిపరిచిన యానకం మీద వాటిని పెంచాడు. అందరూ కాలనీని చూస్తుంటే ఆయన ఖాళీని చూశాడు. నేల సారానికి కీలకమైన ఒక చర్య ఆ ఖాళీలో దాగి ఉంది.

(ఆ) సమయం చాలకపోవడం. క్షయ బాక్టీరియాను వేడితో గట్టిపరిచిన రక్త ద్రవం మీద, శరీర ఉష్ణోగ్రత వద్ద పెంచిన కోచ్‌కు పెరుగుదల కంటికి కనబడింది రెండో వారంలో. ఆయన రెండు మూడు రోజులకే గొట్టాలను పారవేసి ఉంటే 1882 మార్చి 24 నాటి ప్రకటన ఉండేది కాదు. సరిగ్గా వందేళ్ళ తరువాత ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ జీర్ణాశయపు పూతలో కనిపిస్తున్న వంపు బాక్టీరియాను పెంచడానికి ప్రయత్నించారు. రెండు రోజులకు ఏమీ కనబడకపోతే పలకలను తీసివేయడం అప్పటి వాడుక. 1982 ఈస్టర్ సెలవుల కారణంగా కొన్ని పలకలు అయిదారు రోజులు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి. వాటి మీద కాలనీలు వచ్చాయి. జీర్ణాశయపు పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరి అలా చేతికి చిక్కింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు తీసివేసిన పలకల ఫలితం ‘పెరుగుదల లేదు’. రాసినవారు అబద్ధం రాయలేదు. చదివినవారు ‘బాక్టీరియా లేదు’ అని చదువుకుంటే తప్పు అక్కడ జరుగుతుంది.

(ఇ) మన తయారీ పద్ధతే అడ్డు కావడం. ఫాస్ఫేట్‌ను, అగార్‌ను కలిపి ఆటోక్లేవ్ చేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏర్పడి కొన్ని బాక్టీరియాల పెరుగుదలను అణచివేస్తుందని, రెండింటినీ విడిగా ఆటోక్లేవ్ చేసి తరువాత కలిపితే ఎక్కువ కాలనీలు వస్తాయని 2014లో జపాన్ పరిశోధకులు చూపించారు. దశాబ్దాలుగా అందరూ చేస్తున్న పనిలోనే ఈ అడ్డంకి ఉంది. కలరా బాక్టీరియా ప్రతికూల పరిస్థితులలో సజీవంగా ఉంటూనే పలక మీద పెరగని స్థితికి చేరుతుందని 1982లోనే రీటా కోల్వెల్ బృందం చూపింది. తాగునీటి పరీక్షలో దీని ప్రాముఖ్యం ఎంతో మీరే ఊహించుకోవచ్చు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
1. కాలనీల సంఖ్యను ‘కాలనీ ఏర్పరచే ప్రమాణాలు’గానే ఎందుకు రాయాలి?
2. ‘పెరుగుదల లేదు’, ‘బాక్టీరియా లేదు’ అనే వాక్యాల మధ్య భేదాన్ని ఒక ఉదాహరణతో తెలపండి.

7.7 పలకకు కాలం చెల్లిందా?

ఇన్ని లోపాలున్నప్పుడు పలకను పక్కన పెట్టి, నమూనాలోని డీఎన్ఏను నేరుగా చదివేయవచ్చు కదా అనే వాదన నేడు బలంగా వినిపిస్తోంది. ఈ వాదనలో నిజముంది. కుష్ఠు బాక్టీరియాను హాన్సెన్ 1873లో గుర్తించాడు. నేటికీ కృత్రిమ యానకం మీద అది పెరగలేదు. ఎలుక పాదంలో, ఆర్మడిల్లో అనే జంతువులో మాత్రమే పెంచగలిగారు. శుద్ధ వర్ధనం తప్పనిసరి అనే కోచ్ నియమాన్ని అక్షరాలా పాటిస్తే కుష్ఠుకు కారణం ఇంకా తేలలేదని చెప్పాలి. అలా ఎవరూ చెప్పరు. నియమం కంటే సాక్ష్యాల మొత్తం పెద్దది.

అయినా పలకకు కాలం చెల్లిందనే తీర్పును నేను అంగీకరించను. డీఎన్ఏ ఆ జీవి అక్కడ ఉందనో, ఒకప్పుడు ఉండేదనో చెబుతుంది. చనిపోయిన కణం డీఎన్ఏ కూడా అందులో కలిసి ఉంటుంది. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో నేరుగా పరీక్షించి చూడాలంటే సజీవమైన వర్ధనం కావాలి. భద్రపరచి పదేళ్ళ తరువాత మరొకరు సరిచూడాలన్నా, కొత్త ఔషధం తీయాలన్నా అదే కావాలి. చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సంగ్రహాలయం వంటివి భద్రపరుస్తున్నది పేర్లను కాదు, బతికున్న వర్ధనాలను.

ఔషధాల విషయంలో మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు సంచాలకుడిగా ఉన్న కాలంలో, బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు అనేక ప్రాంతాల మట్టి నమూనాలను పలకల మీద పరీక్షించాడు. ఆచార్యుడిగా పదవీ విరమణ చేసిన తరువాత, డెబ్భై ఏళ్ళు దాటిన వయసులో ఆయన చేసిన పని అది. మిస్సోరి రాష్ట్రంలోని ఒక వ్యవసాయ పరిశోధన క్షేత్రపు మట్టి నుంచి బంగారు పసుపు రంగు కాలనీ వచ్చింది. అది స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియెన్స్. దాని నుంచి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి ఔషధం అదే. ఆ మట్టి డీఎన్ఏను ఎంత చదివినా ఔషధం సీసాలోకి రాదు. కాలనీని ఎంచి, పెంచి, వడకట్టి తీయాలి.

పైగా పలక కూడా తన లోపాలను దిద్దుకుంటోంది. 2015లో ప్రకటించిన టీక్సోబాక్టిన్ కథ చూడండి. మట్టిని బాగా పలచన చేసి, ఒక్కో చిన్న గదిలో సుమారు ఒక్కో కణం ఉండేలా నింపి, రెండు వైపులా పలచని పొరలు అతికించి, ఆ పరికరాన్ని తిరిగి మట్టిలోనే పాతిపెట్టారు. పోషకాలు లోపలికి వస్తాయి, కణాలు బయటికి పోవు. పలక మీద పెరగని ఒక బాక్టీరియా అందులో పెరిగి కొత్త యాంటీబయాటిక్‌ను ఇచ్చింది. లిస్టర్ పలచన, కోచ్ వేరుచేయడం, వినోగ్రాడ్‌స్కీ సహజ పరిసరం మీద పెట్టిన దృష్టి ఈ మూడూ ఆ పరికరంలో కలిసి ఉన్నాయి.

7.8 ఈ విమర్శ మీకెందుకు?

దూరవిద్యలో ప్రయోగాలకు దొరికే సమయం తక్కువ. ఒక ఆదివారం గీతలు గీసి, మరుసటి ఆదివారం వచ్చి పలక చూస్తారు. ఈలోగా ఎవరో పలకలను ఫ్రిజ్‌లో పెట్టి ఉండవచ్చు, విద్యుత్తు పోయి ఇంక్యుబేటర్ ఆగి ఉండవచ్చు. పరీక్షకుడిగా వెళ్ళిన ఒక కేంద్రంలో నేను చూసిన ముప్పైకి పైగా రికార్డు పుస్తకాలలో గీతల పద్ధతి ఫలితంగా ఒకే బొమ్మ ఉంది. నాలుగో వరుసలో అయిదు గుండ్రని కాలనీలు, అన్నీ సమాన పరిమాణంలో. అది పాఠ్యపుస్తకంలోని బొమ్మ. బల్ల మీద ఉన్న పలకలలో సగం మీద కాలనీలు విడివడలేదు, రెండింటి మీద బూజు పెరిగింది.

ఆ విద్యార్థులను నేను తప్పుపట్టను. సరైన ఫలితం వస్తేనే మార్కులు వస్తాయనే భయాన్ని వారికి కలిగించింది మన బోధన. కానీ వారు పోగొట్టుకున్నది చాలా ఉంది. విడివడని గీతలు వరుసల మధ్య లూప్‌ను కాల్చడం మరిచామేమోనని చెబుతాయి. బూజు మూత ఎంతసేపు తెరిచి ఉంచామో చెబుతుంది. చూసింది చూసినట్లు గీసిన బొమ్మ, అది వికారంగా ఉన్నా, పాఠ్యపుస్తకపు బొమ్మకు నకలు కంటే శాస్త్రీయం. రేపు మీలో కొందరు పాల డెయిరీలలో, నీటి పరీక్షాకేంద్రాలలో, రోగ నిర్ధారణ ప్రయోగశాలలలో పనిచేస్తారు. అక్కడ పుస్తకపు బొమ్మను నకలు చేసే అలవాటు ఎవరో ఒకరి ఆరోగ్యం మీదికి వస్తుంది.

కాబట్టి ప్రతి పలకకూ రికార్డులో ఈ అయిదు వివరాలు రాయండి: యానకం పేరు, ఉష్ణోగ్రత, గాలి ఉందా లేదా, ఎన్ని గంటల తరువాత చూశారు, నమూనాను తెచ్చినప్పటి నుంచి పలక మీద వేసేదాకా ఎంత సమయం పట్టింది. రోగి నమూనా అయితే అతడు అప్పటికే యాంటీబయాటిక్ వాడుతున్నాడా అన్నది కూడా చేర్చండి. ఏమీ పెరగకపోతే, ‘పోషక అగార్ మీద, 37 డిగ్రీల వద్ద, గాలి సమక్షంలో, 48 గంటల వరకు పెరుగుదల కనిపించలేదు’ అని పూర్తి వాక్యం రాయండి. దాన్ని చదివిన వైద్యుడికి తరువాత ఏం చేయాలో తెలుస్తుంది. ‘బాక్టీరియా లేదు’ అని రాస్తే వెదకడం అక్కడితో ఆగిపోతుంది.

7.9 సారాంశం

ఘన యానకం మీద బాక్టీరియాలను పెంచే పద్ధతి లిస్టర్ పలచన పద్ధతిలోని లోటును పూరించింది. యానకాన్ని, గట్టిపరిచే పదార్థాన్ని విడదీసి చూడటం కోచ్ చేసిన ముఖ్యమైన మేలు. అగార్‌ను సూచించిన ఫానీ హెస్సె, పళ్ళేలను రూపొందించిన పెట్రి దానిని ఆచరణయోగ్యం చేశారు. బాక్టీరియాలను వేరు చేయడంలో పలక నమ్మదగినది, అయితే సాధారణ యానకం మీద తిరిగి గీతలు గీసి శుద్ధతను నిర్ధారించుకోవాలి. గుర్తించడంలో కాలనీ లక్షణాలు తొలి సూచనలు మాత్రమే. లెక్కించడంలో పలక ఇచ్చేది ఆ యానకంలో, ఆ పరిస్థితులలో, ఆ సమయంలోగా పెరగగలిగిన వాటి సంఖ్య. డీఎన్ఏ పద్ధతులు పలకకు తోడు అవుతాయి, దాని స్థానాన్ని పూర్తిగా తీసుకోలేవు.

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శుద్ధ వర్ధన పద్ధతి గుణదోషాలను విమర్శనాత్మకంగా చర్చించండి.
2. నమూనాలోని బాక్టీరియాలు పలక మీద కనిపించకపోవడానికి గల కారణాలను ఉదాహరణలతో వివరించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జెలటిన్ కంటే అగార్ ఏ విధంగా మెరుగైనది?
2. మాకాంకీ అగార్ మీద దొరికిన కాలనీని వెంటనే శుద్ధ వర్ధనంగా ఎందుకు పరిగణించకూడదు?
3. వినోగ్రాడ్‌స్కీ పద్ధతి కోచ్ పద్ధతి కంటే ఎలా భిన్నమైనది?
4. మీ ఇంట్లో తోడు పెట్టిన పెరుగును పోషక అగార్ మీద గీతలు గీస్తే వచ్చే కాలనీలు ఆ పెరుగులోని బాక్టీరియాలన్నిటికీ ప్రాతినిధ్యం వహిస్తాయా? మీ సమాధానానికి కారణాలు తెలపండి.